ఇంట్లో సైకిలుకు చోటేదీ?

కృష్ణా జిల్లా తీర గ్రామాల్లో కోడి కూయక ముందే రోడ్డెక్కేది సైకిలే. పాల క్యాన్లు దానిమీదే కేంద్రానికి చేరతాయి. చేపల గంపలు దానిమీదే ఊళ్లు తిరుగుతాయి. బస్సు రాని ఊళ్ల పిల్లలు దానిమీదే హైస్కూలుకు వెళ్తారు. మోటారు సైకిళ్లు ఎన్ని వచ్చినా కూలికి వెళ్లే మనిషిని పెట్రోలు అడగని బండి ఇదే.

ఇంత చాకిరీ చేసే సైకిలుకు ఇంటి దగ్గర నిలవ నీడ ఉండదు. గొడ్డుకు పాక ఉంది, కోడికి గూడు ఉంది, ట్రాక్టరుకు రేకుల షెడ్డు ఉంది. సైకిలు మాత్రం దొడ్డి గోడకు చేరబడి ఎండకు ఎండి, మంచుకు తడుస్తూ ఉంటుంది. రోజుకు రెండు గంటలు తిరిగే సైకిలు మిగతా 22 గంటలూ నిలబడే ఉంటుంది. అది ఎన్నేళ్లు మన్నుతుందన్నది ఆ 22 గంటల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

ఉప్పుగాలి దెబ్బ

ఇనుముకు నీరూ గాలీ తగిలితే తుప్పు పడుతుంది. వాటికి ఉప్పు తోడైతే ఆ తుప్పు మరింత తొందరగా పాకుతుంది. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వంటి సముద్రతీర మండలాల్లో గాలిలోనే ఉప్పు ఉంటుంది. ముందుగా పోయేవి చైను, స్పోక్సు, రిమ్ము. చేపలు అమ్మేవారి సైకిళ్లకు ఈ బాధ రెండింతలు. గంపలోంచి కారే ఉప్పునీరు క్యారేజీ మీద, వెనక రిమ్ము మీద పడుతుంది. ఇంటికి రాగానే రెండు చెంబుల మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి పెడితే చాలు, రిమ్ము ఎక్కువ కాలం ఉంటుంది.

చైనుకు కొబ్బరినూనె, వంటనూనె రాసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అవి కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్ము పట్టేస్తాయి. కుట్టు మిషను నూనె నాలుగు చుక్కలు వేసి, పెడలు వెనక్కి తిప్పి, పైన మిగిలినది గుడ్డతో తుడిచేయడం మేలు.

ఈ చోట్లు పనికిరావు

పశువుల పాకలో సైకిలు పెట్టకూడదు. మూత్రం, పేడ తేమ ఇనుమును తినేస్తాయి. పైగా గొడ్డు ఒరుసుకుంటే స్పోక్సు వంగుతాయి. ఎరువుల బస్తాల పక్కన అసలే వద్దు. యూరియా, పొటాష్ గాలిలోని తేమను లాగుతాయి. అందులోనూ పొటాష్ ఒక రకం ఉప్పే. చూరు కింద పెడితే వానాకాలమంతా చూరునీళ్లు చైను మీదే పడతాయి. పడమటి గోడకు ఆనిస్తే సాయంత్రపు ఎండకు టైర్లు బీటలు వారతాయి.

గాలి లేని టైరు మీద సైకిలును నెలల తరబడి నిలబెట్టడం మరో పొరపాటు. బరువంతా ఒకేచోట పడి టైరు పక్కలు చిట్లుతాయి. వాడని సైకిలైనా నెలకోసారి గాలి కొట్టించాలి. లేదా చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి పెట్టాలి.

చోటు ఎంత కావాలి?

పెద్ద సైకిలు పొడవు ఆరడుగుల పైచిలుకు. హ్యాండిలు వెడల్పు రెండడుగులు. రెండు సైకిళ్లను ఒకే వైపు ముఖం పెట్టి నిలబెడితే హ్యాండిళ్లు తగులుకుంటాయి. ఒకటి తూర్పుకూ ఒకటి పడమరకూ తిప్పి పెడితే ఏడడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పులో రెండూ ఇముడుతాయి. వసారాలో ఒక మూల ఇంత చోటు చాలా ఇళ్లలో దొరుకుతుంది.

కింద రెండు వరసల ఇటుకలు పరిచి, మధ్యలో టైరు పట్టేటంత, అంటే రెండంగుళాల సందు వదిలితే ముందు చక్రం అందులో కుదురుగా నిలుస్తుంది. స్టాండు విరిగిన సైకిలు కూడా పడిపోదు. నేల చెమ్మా తగలదు. తెల్లవారుజామున పాలకు వెళ్లే సైకిలును బయటివైపు, బడికి వెళ్లేదాన్ని లోపలివైపు పెట్టుకుంటే చీకట్లో తడుముకునే పని ఉండదు.

గోడకు ఎక్కిస్తే

చోటు మరీ ఇరుకైతే గోడకు తగిలించవచ్చు. నిలువు గోడకు నాలుగడుగుల ఎత్తున, అడుగు ఎడంగా రెండు కొయ్య చేతులు బిగించాలి. అవి గోడ నుంచి అడుగుంపావు ముందుకు రావాలి. ఫ్రేము పైకడ్డీ వాటి మీద ఆనుతుంది. చక్రాలు నేలకు అడుగు పైన ఉంటాయి. కింద ఊడ్చుకోవచ్చు. కొయ్య చివర పాత ట్యూబు ముక్క చుట్టి, కొంచెం పైకి వంపు ఉంచితే సైకిలు జారదు.

పెద్ద సైకిలు సుమారు 20 కిలోలు ఉంటుంది. కాబట్టి సిమెంటుతో కట్టిన ఇటుక గోడకే ఈ పని చేయాలి. మట్టిగోడ ఆ బరువు ఆపదు. మట్టిగోడ ఇళ్లలో రెండు సరుగుడు గుంజలు రెండడుగుల లోతున పాతి, వాటికే చేతులు బిగించుకోవాలి. గుంజల మొదళ్లకు తారు పూస్తే చెద పట్టదు. పసిపిల్లలు పాకే చోట సైకిలు తగిలించరాదు. పైకడ్డీ లేని ఆడపిల్లల సైకిళ్లను నేల మీద ఇటుకల సందులో పెట్టడమే మంచిది.

బ్యాటరీ సైకిలు ఉన్నవారు దాన్ని గడ్డివాము దగ్గరా, పొయ్యి దగ్గరా చార్జింగు పెట్టకూడదు.

తాళం వేసినా ఎత్తుకుపోతారు

వెనక చక్రానికి ఉండే తాళం చక్రాన్ని తిరగకుండా ఆపుతుందే గాని సైకిలును ఆపదు. దొంగ భుజాన వేసుకుని పోగలడు. సైకిలును కదలని వస్తువుకు కట్టాలి. లావుపాటి ఇనుప కడ్డీని గుర్రపు నాడాలా వంచి, అడుగు లోతున కాంక్రీటులో పాతితే అదే కొక్కెం. గొలుసును ఫ్రేములోంచి, వెనక చక్రంలోంచి తీసి కొక్కేనికి తాళం వేయాలి. గొలుసు నేలకు ఆనకుండా చూడాలి. నేల మీద ఉంటే రాయితో కొట్టి తెంపడం తేలిక. తాళం చెవి గుమ్మం మేకుకు తగిలించరాదు.

ప్రతి సైకిలుకూ ఫ్రేము మీద నంబరు కొట్టి ఉంటుంది. సీటు కింద గొట్టం మీదనో, పెడళ్ల ఇరుసు అడుగునో చూడండి. దాన్ని ఓ పుస్తకంలో రాసుకోండి. సెల్‌ఫోనుతో ఫొటో తీసి ఉంచండి. కొన్న రసీదు దాచండి. పోయిన సైకిలు దొరికినప్పుడు అది మీదేనని చెప్పేది ఈ మూడే.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనానికి 303వ సెక్షను. అందులో సొత్తు విలువ 5000 రూపాయల లోపై, దొంగకు అదే మొదటి శిక్షయి, సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెడతారు. పాత సైకిలు విలువ ఆ లోపే ఉంటుంది. కాని మనుషులు ఉండే ఇంట్లోంచి గాని, సామాన్లు భద్రపరిచే కట్టడంలోంచి గాని దొంగిలిస్తే 305వ సెక్షను కింద ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. కాబట్టి ఫిర్యాదులో సైకిలు ఏ చోటు నుంచి పోయిందో స్పష్టంగా రాయాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోవాలి.

తుఫాను కబురు వస్తే

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమకు గాలివాన సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. తుఫాను కబురు అందగానే సైకిలును ఇంట్లోకి తెచ్చి గట్టి గుంజకు కట్టాలి. నీళ్లు తీశాక బస్సులు తిరగకపోయినా సైకిలు తిరుగుతుంది. మందుకైనా బియ్యానికైనా అదే దిక్కు. మునిగిన సైకిలునైతే వెంటనే తొక్కకూడదు. హబ్బులు, పెడళ్ల ఇరుసు విప్పించి, నీరు తుడిపించి, బాల్సులకు కొత్త గ్రీజు పెట్టించాలి. ఆలస్యం చేస్తే బాల్సులు తుప్పుపట్టి అరిగిపోతాయి.

ఆడపిల్ల చదువు సంగతి

బీహారు ప్రభుత్వం 2006లో హైస్కూలు బాలికలకు సైకిళ్ల పథకం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2019కి ముందు ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ హైస్కూళ్ల బాలికలకు సైకిళ్లు ఇచ్చారు. అక్క పదో తరగతి దాటాక ఆ సైకిలు దొడ్లో పడి తుప్పు పడితే చెల్లెలు నడవాలి. నాలుగైదు కిలోమీటర్లు రోజూ నడవలేక, చీకటిపడితే భయపడి, చదువు మానిపించే ఇళ్లు ఉన్నాయి. ఇటుకలు, రెండు గుంజలు, ఓ గొలుసుకు అయ్యే ఖర్చు కొత్త సైకిలు ధరలో ఏ మూలకూ రాదు. ఒక పూట పని. ఈ ఆదివారం ఆ పని చేసుకుంటే అక్క తొక్కిన సైకిలు చెల్లెలికీ అందుతుంది.