మడచెట్టు వేళ్లు పైకెందుకు లేస్తాయి?

ఖరగ్‌పూర్ పక్కన మన హిజ్లీ ఎర్రనేలలో చెట్ల వేళ్లు కిందికి దిగుతాయి. అదే సుందరబన్‌లోనో, 1978లో అభయారణ్యమైన కాకినాడ దగ్గరి కోరింగలోనో చూడండి: తెల్లమడ చుట్టూ బురదలోంచి వందల వేళ్లు పెన్సిళ్లలా నిలబడి ఉంటాయి. ఎందుకు?

ఆటుపోట్లకు నానే బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. అందుకే ఆ వేళ్లు బయటికొచ్చి, ఒంటిమీది సన్నని రంధ్రాలతో గాలి పీలుస్తాయి. మరి సముద్రపు నీటిలోని ఉప్పో? చాలావరకు వేళ్ల దగ్గరే ఆగిపోతుంది. లోపలికి చేరినదాన్ని ఆకులు బయటికి నెట్టేస్తాయి. ఎండ పూట తెల్లమడ ఆకును వేలితో రాస్తే ఉప్పు రేణువులు అంటుకుంటాయి. నాకు మాత్రం అన్నిటికన్నా అబ్బురం ఉప్పుపొన్న అనే మరో మడచెట్టు! దాని గింజ చెట్టు మీదుండగానే మొలకెత్తి, పొడవాటి మొలకై బురదలోకి జారుతుంది.

మడ అడవికి వెళ్తే ఆ వేళ్లను తొక్కకండి. ప్లాస్టిక్ సంచి చుట్టుకుంటే వాటికి గాలి అందదు. కనిపిస్తే మెల్లగా విప్పి తీసెయ్యండి.