రెండు డ్రిబుల్స్ నుంచి 55 పాయింట్ల దాకా

మీకు తెలుసా? అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హైస్కూల్ ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌లో జట్టుకు ఆరుగురు ఉండేవారు. ముగ్గురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు గార్డ్‌లు. ఎవరూ మధ్యగీత దాటకూడదు. బాస్కెట్ వేసే పని ఫార్వర్డ్‌లదే, అడ్డుకోవడం గార్డ్‌ల వంతు. బంతి చేతికొస్తే రెండుసార్లకు మించి నేలకు కొట్టడానికి లేదు. మన కబడ్డీలో కూతకెళ్లినవాళ్లయినా గీత దాటుతారు, ఈ పిల్లలకు ఆ భాగ్యమూ లేదు! కోర్టంతా పరుగెత్తితే ఆడపిల్లలు తట్టుకోలేరన్న పాతకాలపు నమ్మకం నుంచి పుట్టిన ఆట ఇది. అయినా జనం విరగబడి చూసేవారు. 1993 దాకా బతికింది.

ఆ ఆటలోంచి వచ్చిన అమ్మాయే మోలీ బోలిన్. మొరేవియా అనే చిన్న ఊళ్లో పెరిగింది. హైస్కూల్లో ఒక్క మ్యాచ్‌లోనే 83 పాయింట్లు కొట్టింది. రెండే డ్రిబుల్స్ కాబట్టి ఆలోచించే తీరిక ఉండదు. బంతి అందుకోవాలి, ఒకటి, రెండు, ఆగాలి, ఎగరాలి, వదిలేయాలి. ఎదుటి గార్డ్ చేతులెత్తేలోపు బంతి గాల్లో ఉండాలి. ఆడపిల్లలు అలసిపోకుండా పెట్టిన నిబంధనే ఆమెను అంత వేగంగా షాట్ వేసే ఆటగత్తెగా తయారుచేసింది. తర్వాత ఆమెకు ‘మెషిన్ గన్ మోలీ’ అనే పేరు వచ్చిందంటే ఊరికే కాదు.

1978లో డబ్ల్యూబీఎల్ మొదలైంది. అమెరికాలో ఆడవాళ్ల తొలి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అదే. అయోవా కార్నెట్స్ జట్టు మోలీని తీసుకుంది. రాష్ట్ర గవర్నర్ కార్యాలయంలో సంతకం పెట్టించారు, హడావిడి బాగానే చేశారు. జీతం మాత్రం 6 వేల డాలర్లు! ఈ జట్టు యజమానుల్లో జార్జ్ నిస్సెన్ అనే ఆయన ఉన్నారు. పిల్లలు ఎగిరి గంతులేసే ఆధునిక ట్రాంపోలిన్‌ను కనిపెట్టింది ఈయనే. ఆటగత్తెలు ఊరూరూ తిరిగే జట్టు బస్సుకు ‘కార్న్ డాగ్’ అని పేరు. మొక్కజొన్న రాష్ట్రం కదా మరి.

కార్నెట్స్ ఆడిన రెండు సీజన్లలోనూ ఫైనల్‌కు వెళ్లింది. రెండుసార్లూ ఓడింది. మోలీ మాత్రం 1979-80లో మ్యాచ్‌కు సగటున 32.8 పాయింట్లు సాధించింది. ఒక మ్యాచ్‌లో 55 కొట్టింది. నేటి అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 2024 సీజన్ పూర్తయ్యే నాటికి ఒక్క మ్యాచ్‌లో అత్యధికం 53. లిజ్ కాంబేజ్ ఒకసారి, ఎజా విల్సన్ మరోసారి అంతవరకు వెళ్లారు. లీగులు వేరు, నిబంధనలు వేరు, పక్కపక్కన పెట్టి కొలవలేం గానీ, 55 అంటే 55! 1979-80 సీజన్ అత్యుత్తమ క్రీడాకారిణి పురస్కారాన్ని మోలీ మరో ఆటగత్తె ఆన్ మైయర్స్‌తో కలిసి పంచుకుంది.

డబ్బుల సంగతికొస్తే లీగ్ మొదటినుంచీ కటకటలోనే నడిచింది. 1981లో మిన్నెసోటా ఫిల్లీస్ ఆటగత్తెలు జీతాలు రాలేదని షికాగోలో మ్యాచ్ ఆడకుండానే కోర్టు వదిలి బయటికి నడిచారు. అదే ఏడాది లీగ్ మూతపడింది. డబ్ల్యూఎన్‌బీఏ ఆటలు మొదలవడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది.

మోలీకి అసలు పోటీ మరో కోర్టులో ఎదురైంది. విడాకుల తర్వాత కొడుకు ఎవరి దగ్గర ఉండాలన్న వివాదం వచ్చింది. ఆటల కోసం ఊళ్లు తిరుగుతుందని, ప్రచారం కోసం పోస్టర్లకు ఫొటోలు దిగిందని ఆమెకు వ్యతిరేకంగా వాదించారు. కింది కోర్టు బిడ్డను తండ్రికి అప్పగించింది. మగ ఆటగాడైతే ఇంటికి దూరంగా ఉన్నాడని ఎవరైనా అడిగేవారా? ఆమె ఊరుకోలేదు, పైకోర్టుకు వెళ్లింది. 1983లో అయోవా సుప్రీంకోర్టు కింది తీర్పును కొట్టేసింది. అప్పటికి ఆమె ఆడిన లీగ్ మూతపడి రెండేళ్లయింది.