మందు చుక్క ఆకుమీద నిలుచుట ఎట్లు?

అంకాపూర్, ఆర్మూరు ప్రాంతములలో పసుపు వేయు రైతులకు శ్రావణ భాద్రపదముల ముసురు ఎంత చేటు తెచ్చునో చెప్పనక్కరలేదు. ఆకుమచ్చ తెగులు కనిపించగానే మాంకోజెబ్ తెచ్చి కొట్టుదురు. వారము గడచినను కొత్త మచ్చలు పుట్టుచునే యుండును. అప్పుడు కొందరు మందు కల్తీయని దుకాణదారుని అనుమానింతురు. మరికొందరు రెండవసారి మోతాదు రెట్టింపు చేయుదురు. మందు మంచిదే కావచ్చును, మోతాదును సరియైనదే కావచ్చును. అది ఆకుమీద నిలిచినదా, నేలపాలైనదా అని విచారించువారు మాత్రము తక్కువ.

ఈ విచారణ ఏల అవసరమనగా, మాంకోజెబ్ ఆకులోనికి చొచ్చి అంతటను వ్యాపించు మందు కాదు. అది పడిన చోటనే ఉండి, శిలీంధ్రపు బీజములు అచ్చట మొలకెత్తకుండ కాపాడును. చుక్క జారిపోయిన చోటికి రక్షణ లేదు. కనుక ఈ మందు విషయములో చుక్క నిలుచుటయే సగము వైద్యము.

మీరే ఒక పరీక్ష చేసి చూడవచ్చును. పెరటిలోని చేమాకు ఒకటి, లేత మొక్కజొన్న ఆకు ఒకటి, పసుపాకు ఒకటి కోసి తెచ్చి, ఒక్కొక్కదానిపై వేలితో ఒక్క నీటిచుక్క వేసి, ఆకును మెల్లగా వంచుడు. చేమాకుపై చుక్క ముత్యమువలె గుండ్రముగా నిలిచి, కొంచెము వంచగానే దొర్లిపోవును. ఆకు తడియైనను కాదు. మిగిలిన వానిపై చుక్క ఎంత పరచుకొన్నది, ఎంత వాలునకు జారినది గమనింపుడు. లేతాకును, ముదురాకును వేర్వేరుగా చూడుడు. ఆకు ఆకుకు ఎంత భేదమున్నదో అప్పుడు బోధపడును.

ఈ భేదమునకు కారణము ఆకుమీది మైనము. తామరాకుపై నీటిబొట్టు అను మాట మనవారు అంటీముట్టనివానిని గురించి అనాదిగా చెప్పుచున్నదే. ఆ బొట్టు ఏల అంటదో జర్మనీలోని బాన్ నగరపు వృక్షశాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ అనువారు 1997లో విపులముగా వివరించిరి. తామరాకు చేతికి నునుపుగా తోచినను, సూక్ష్మదర్శినిలో చూచిన అది సన్నని బుడిపెల పొలము. ఒక్కొక్క బుడిపెపై మరల అతి సూక్ష్మమైన మైనపు గొట్టములు నిలిచియుండును. నీటిచుక్క ఆ కొనలపై మాత్రమే ఆనుకొనును; దాని క్రింద గాలి యుండును. చుక్క అంచు ఆకుతో చేయు కోణమును స్పర్శకోణమందురు. అది 90 డిగ్రీలకు లోబడిన నీరు పరచుకొనును. 150 దాటినచో చుక్క దాదాపు గోళమై నిలిచి, తామరాకు వంటి వానిపై ఇట్టే దొర్లిపోవును. పోవుచు ఆకుమీది దుమ్మును గూడ మోసికొనిపోవును.

మన పొలములలోని పైరులు కొన్ని ఈ కోవకు చెందినవే. జొన్నమొక్కపై తెల్లని బూడిదవలె కనిపించునది ఇట్టి మైనమే. ఎర్రజొన్న విత్తు ఆర్మూరు రైతులకు దానిని గుర్తుచేయ నవసరము లేదు. మొక్కజొన్నలో మొదటి అయిదారు ఆకులపై ఈ మైనపు పొడి దట్టముగా నుండి, ఆ పైన వచ్చు ఆకులపై తగ్గిపోవును. కనుకనే లేతపైరుపై జారిన మందు, పైరు ఎదిగిన పిమ్మట మెరుగుగా అంటును. వరియాకు మరియొక వింత. దాని పొడవునా చుక్క దొర్లుటకు 3 నుండి 5 డిగ్రీల వాలు చాలును. అడ్డముగా దొర్లవలెనన్న 9 నుండి 15 డిగ్రీలు కావలెను. ఆకుమీది బుడిపెలు వరుసలు తీరియుండుటయే కారణము. చుక్క ఏ దారిని పోవలెనో ఆకే నిర్ణయించుచున్నదన్నమాట.

మనకు చిక్కు తెచ్చు ఈ గుణమునే ఇతర అవసరములకు శాస్త్రజ్ఞులు అనుకరించుచున్నారు. ఆఫ్రికాలోని నమీబ్ ఎడారి కీటకమొకటి తన వీపుమీది బుడిపెలతో పొగమంచును పట్టి నీరు త్రాగునని 2001లో వెల్లడియైనది. దానిని చూచి మంచునీరు పట్టు తెరలకు ఆలోచన సాగినది. మేఘాలయ కొండలలోను పెరుగు కూజామొక్క అంచుపై ఈగ నిలువలేక జారును. దానిని చూచి 2011లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమువారు నీరు, నూనె, రక్తము ఏదియు అంటని పూత చేసిరి. సుమారు 32 డిగ్రీల వేడిమికి లోపల నీటిని ఆకర్షించి, అది దాటగానే వికర్షించు పూతలును కలవు. ఇవి ఇంకను రైతు కొనదగిన సరుకులు కావు.

రైతుకు కావలసినది దీనికి విరుద్ధము; జారునట్టి ఆకుమీద చుక్కను నిలుపవలెను. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆచార్యులైన కృప వారణాసి గారి బృందము 2016లో ఒక ఉపాయము ప్రకటించినది. మందునీటిని రెండు పాళ్లు చేసి, ఒకదానిలో ధన విద్యుదావేశము గల పాలిమరును, రెండవదానిలో ఋణావేశము గలదానిని కలిపి ఒకేసారి చల్లుదురు. రెండు చుక్కలు ఆకుపై కలిసినచోట సూక్ష్మమైన జిగట మచ్చ ఏర్పడి, వెనుక వచ్చు చుక్కలు ఎగిరిపోకుండ పట్టుకొనును. యుక్తి చక్కనిది.

మన చేతిలో నేడు ఉన్న సాధనము సబ్బు, లేక అంగడిలో దొరకు స్ప్రెడర్. నీటి ఉపరితలము బిగించిన పొరవలె ప్రవర్తించును. ఆ బిగువునే తలతన్యత అందురు. మంచినీటికి అది సుమారు 72 ప్రమాణములు; సబ్బు వంటివి కలిపిన 30కి దిగును. బిగువు తగ్గిన చుక్క గుండ్రదనము మాని పరచుకొనును. పసుపులో ఆకుమచ్చకు మాంకోజెబ్ లీటరు నీటికి 2.5 గ్రాములు కలుపునపుడు, సబ్బు ద్రావణము అర మిల్లీలీటరు చేర్పుమని చెప్పుట ఇందుకే. చాలమంది మందును జాగ్రత్తగా కొలిచి, ఈ చిన్న మాటను వదలివేయుదురు.

బోరునీటితో కలుపువారు ఒక సంగతి గమనింపవలెను. కఠినజలములో మామూలు సబ్బు విరిగి తెట్టు కట్టును. పనిచేయదు సరిగదా, నాజిలును పూడ్చును. అట్టిచోట సబ్బుకు బదులు అయానులు లేని స్ప్రెడర్ వాడుట మేలు. సిలికాన్ జాతి స్ప్రెడర్లు మరింత బలమైనవి. డబ్బాపై వ్రాసినదానికన్న చుక్క ఎక్కువైనను ఆకు మాడవచ్చును. ఏదైనను అతిగా కలిపిన నీరు పలుచని పొరగా మారి, ఆకు కొననుండి కారిపోవును. జారుట తప్పించబోయి కార్చుట యగును. చుక్క పరీక్షను ఈసారి మందునీటితో చేసి, చుక్క పరచుకొని కారకుండ నిలిచినంతవరకే కలుపుడు.

చుక్క పరిమాణమును ముఖ్యమే. 400 మైక్రానుల చుక్క ఒకటి 200 మైక్రానుల చుక్కలు ఎనిమిదింటికి సమానము. ఆ ఎనిమిది కలిసి రెట్టింపు వైశాల్యమును కప్పును. పెద్ద చుక్క వేగముగా వచ్చి ఆకును తాకి ఎగిరిపడును. మరీ సన్నని తుంపర గాలికి పొరుగు చేనికి పోవును. అరిగి రంధ్రము పెద్దదైన నాజిలు పెద్ద చుక్కలే ఇచ్చును గనుక దానిని మార్చుడు. పంపు ఖరీదుతో పోల్చిన అది లెక్కలోనిది కాదు. శిలీంధ్రపు మందులకు బోలు శంఖువు ఆకారమున చల్లు నాజిలు తగినది.

పసుపాకు నిలువుగా లేచి, నడిమి ఈనె గాడివలె నుండును. అందువలన పైనుండి ఒకే చోట కుమ్మరించిన నీరు గాడివెంట దిగిపోవును. తాటాకు తెగులు మచ్చలు ఆకు రెండు ప్రక్కలను వచ్చును గనుక నాజిలును క్రిందనుండి పైకి త్రిప్పి అడుగుభాగమును తడుపవలెను. పసుపులో మొక్కజొన్న అంతరపంటగా వేసినచోట నడుమ దూరి కొట్టుట శ్రమయే. వరుసల మీదుగా చల్లిన మందులో ఎక్కువపాలు మొక్కజొన్న ఆకులకే పోవును.

గ్రామాధికారులు, విస్తరణాధికారులు ఈ చుక్క పరీక్షను రైతువేదికలో అయిదు నిమిషములలో చూపవచ్చును. రెండు చేమాకులు, రెండు గ్లాసుల నీరు, ఒక సబ్బు ముక్క చాలును. తెల్లవారుజామున మంచు పడియున్న ఆకుపై మాత్రము పరీక్షయు, పిచికారియు చేయరాదు. మంచుబిందువులతో మందు చుక్కలు కలిసి బరువెక్కి, ఎంత మంచి స్ప్రెడర్ కలిపినను నేలకు జారును. మంచు ఆరిన పిమ్మట, ఎండ ముదరకముందు, గాలి లేని వేళ మొదలుపెట్టవలెను.