ఇంటిగుట్టు బయటపెట్టిన సిపాయి: ఉరా, ఊరేగింపా?

తెలుగువాళ్లకు ఈ వాదం త్రేతాయుగం నాటిది. రాముడి పక్షాన చేరి లంక లోగుట్టు చెప్పిన విభీషణుణ్ణి గుళ్లో భక్తుడంటూ దండం పెడతాం. ఇంటికొచ్చాక ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని పిల్లల్ని హెచ్చరిస్తాం. రెండు మాటలూ ఒకే నోట వస్తాయి. ఎవరికీ తేడా అనిపించదు.

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో ఈ వాదానికి చెవి ఒగ్గేవాళ్లు ఎక్కువే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు పనికోసం వచ్చి పాతుకుపోయిన పట్నమిది. పక్కనే కలైకుండ వైమానిక స్థావరం. యుద్ధ విమానం నెత్తిమీద నుంచి పోతే టీ కొట్టు దగ్గర మాట ఒక్క క్షణం ఆగుతుంది, మళ్లీ సాగుతుంది. పేపర్లో ఎక్కడో ఒక సైనికుడు రహస్య పత్రాలు బయటపెట్టాడని వార్త వస్తే చాలు, ఒకరు ‘ఉరి తియ్యాల’ంటారు, ఇంకొకరు ‘దండ వెయ్యాల’ంటారు. ఆ రెండింటి మధ్య చట్టం ఏమంటుందో మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: రహస్యం బయటపెడితే ఉరిశిక్షే.

మన దేశంలో ఇలాంటి కేసులకు మూలం 1923 నాటి అధికార రహస్యాల చట్టం. అందులో ఉరి లేదు. దేశ భద్రతకు హాని చేసే ఉద్దేశంతో గూఢచర్యం చేసి, అది రక్షణ స్థావరాలకో సైనిక వ్యవహారాలకో సంబంధించినదైతే మూడో సెక్షన్ కింద గరిష్ఠంగా 14 ఏళ్లు. చేతికొచ్చిన రహస్యాన్ని చెప్పకూడనివాడికి చెప్పడం అయిదో సెక్షన్ కిందికి వస్తుంది, దానికి 3 ఏళ్ల దాకా. మరణశిక్ష ఉన్నది 1950 నాటి సైనిక చట్టంలో. అదీ ద్రోహబుద్ధితో శత్రువుకు సమాచారం అందించినవాడికి. శత్రువు, ద్రోహబుద్ధి అనే రెండు మాటలూ రుజువు కావాలి.

ఈ తేడా ఎంత పెద్దదో అమెరికా సైనికురాలు చెల్సియా మానింగ్ కేసు చూపించింది. అప్పట్లో బ్రాడ్లీ మానింగ్ పేరుతో ఇరాక్‌లో ఇంటెలిజెన్స్ విశ్లేషకుడిగా పనిచేస్తూ సుమారు 7 లక్షల పత్రాలు వికీలీక్స్‌కు చేరవేసిన వ్యక్తి. 2010 మేలో అరెస్టు. 2013 జులైలో సైనిక న్యాయమూర్తి చాలా అభియోగాల్లో దోషి అన్నారు. కానీ అన్నిటికంటే బరువైన ‘శత్రువుకు సాయం’ అభియోగాన్ని కొట్టేశారు. ప్రాసిక్యూషన్ 60 ఏళ్లు అడిగితే పడింది 35.

అపోహ: మంచి ఉద్దేశంతో చేస్తే శిక్ష ఉండదు.

‘దండ వెయ్యాలి’ అనేవాళ్ల అపోహ ఇది. మానింగ్ బయటపెట్టినవాటిలో 2007 జులై 12న బాగ్దాద్ వీధిలో అమెరికన్ హెలికాప్టర్ కాల్పుల వీడియో ఉంది. చనిపోయినవాళ్లలో ఇద్దరు రాయిటర్స్ ఉద్యోగులు. ఆ వీడియో చూసిన ప్రపంచం నిర్ఘాంతపోయింది. అయినా కోర్టు తూచింది సైనికుడి మనసును కాదు, దాటిన హద్దును. మన అయిదో సెక్షన్ కూడా అంతే. ఎందుకు చెప్పావన్నది దానికి పెద్దగా పట్టదు. ఎవరికి చెప్పావన్నదే పడుతుంది.

నిజానికి ఇక్కడే ఇలాంటి చట్టాల మొరటుతనం బయటపడుతుంది. ఆ వీడియో ఒక్కటే బయటపెట్టి ఉంటే ఒక మాట. దాంతోపాటు రెండున్నర లక్షల దౌత్య సందేశాలు గంపగుత్తగా ఇచ్చేయడం ఇంకో మాట. అన్నీ తానే చదివి చూసి ఇచ్చాననడానికి వీల్లేనంత రాశి అది. మొదటిదానికి 35 ఏళ్లు అన్యాయం. రెండోదానికి శిక్షే వద్దనడమూ కుదరదు.

ఇక రహస్యమే లేని చోట కూడా నోరు విప్పిన జవానుకు చిక్కులు తప్పవు. 2017 జనవరిలో సరిహద్దు భద్రతా దళం జవాను తేజ్ బహదూర్ యాదవ్ నీళ్ల పప్పు, మాడిన రొట్టె చూపిస్తూ వీడియో పెట్టాడు. ఏప్రిల్‌లో ఉద్యోగం ఊడింది. పప్పు రహస్య పత్రం కాదు కదా అని నవ్వుకోవచ్చు. కానీ యూనిఫాం వేసుకున్నవాడి వాక్‌స్వాతంత్ర్యాన్ని కుదించే అధికారం పార్లమెంటుకు రాజ్యాంగం 33వ అధికరణమే ఇచ్చింది.

అపోహ: అమ్ముకునేది చిన్న ఉద్యోగులే, కొనేది పాకిస్తానే.

విశాఖపట్నం కేసు ఈ నమ్మకానికి బలం ఇచ్చిన మాట నిజమే. ఖరగ్‌పూర్ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారి దిగే ఊరు గనుక ఇక్కడివాళ్లకు బాగా గుర్తు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరిట ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా దళారిని పట్టుకున్నారు. హార్బరు ముఖద్వారాన ఉన్న కొండ పేరే ఆపరేషన్‌కు పెట్టారు. పాకిస్తాన్ మనుషులు ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో స్నేహం కలిపి, ఓడలు, జలాంతర్గాముల కదలికలు రాబట్టారన్నది అభియోగం. కేసు జాతీయ దర్యాప్తు సంస్థకు వెళ్లింది. నౌకాదళం స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది.

అయితే 1983లో ఢిల్లీలో పట్టుబడ్డ లార్కిన్స్ సోదరుల్లో ఒకరు రిటైర్డ్ మేజర్ జనరల్, ఇంకొకరు రిటైర్డ్ ఎయిర్ వైస్ మార్షల్. సమాచారం చేరింది అమెరికన్లకు. భుజం మీద నక్షత్రాలు పెరిగితే నోరు దానంతటదే కట్టుబడదు.

డబ్బూ లేదు, వలపు వలా లేదు, సిద్ధాంతమూ లేదు అనే రకం కూడా ఉంది. అమెరికాలో 21 ఏళ్ల ఎయిర్ నేషనల్ గార్డ్స్‌మన్ జాక్ టెషేరా ఉక్రెయిన్ యుద్ధపు రహస్య పత్రాలను డిస్కార్డ్‌లో ఆటల స్నేహితుల గుంపులో పెట్టాడు. తనకు ఎంత తెలుసో చూపించుకోవాలన్న కుర్రతనం తప్ప అందులో ఇంకేమీ కనిపించదు. 2023 ఏప్రిల్‌లో అరెస్టు, 2024 నవంబరులో 15 ఏళ్ల జైలు. అమ్ముకున్నవాడు, అన్యాయం చూడలేక చెప్పినవాడు, గొప్పలకు పోయినవాడు: ముగ్గురినీ ‘లీకు చేశాడు’ అనే ఒకే మాటతో కట్టేయడం వల్లే వాదం అటు ఉరికీ ఇటు ఊరేగింపుకీ పోతుంది.

అపోహ: అరెస్టయ్యాడంటే చేసినట్టే.

కెప్టెన్ బుద్ధికోట సుబ్బారావు కథ మనవాళ్లలో చాలామందికి తెలియదు. తెలియాల్సిన కథ. నౌకాదళంలో అణుశక్తి మీద పనిచేసి, ఐఐటీ బొంబాయిలో డాక్టరేట్ పొంది, రిటైరయ్యారు. 1988 మే 30న న్యూయార్క్ వెళ్తుంటే బొంబాయి విమానాశ్రయంలో ఆపారు. ఆయన దగ్గర దొరికిన కాగితాల్లో ఆయన సొంత పరిశోధన గ్రంథమే ఉంది. అధికార రహస్యాల చట్టం, అణుశక్తి చట్టం రెండూ మోపారు. గూఢచారి అని ముద్ర పడింది. ఇరవై నెలలు జైల్లో గడిచాయి. చివరికి కేసు నిలవలేదు. మహారాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1993లో అక్కడా ఓడింది. ఆ పోరాటంలోనే చట్టం ఔపోసన పట్టిన సుబ్బారావు తరవాత తానే న్యాయవాది అయ్యారు.

అరెస్టు మొదటి పేజీలో, విడుదల లోపలి పేజీలో. ఇది పేపర్లకు పాత అలవాటు.

అపోహ: ‘రహస్యం’ అని ముద్ర ఉంటేనే రహస్యం.

చట్టం పేరులో రహస్యం ఉందిగానీ, రహస్యమంటే ఏమిటో ఆ చట్టం నిర్వచించలేదు. రైల్వే ఊరివాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటి: వైమానిక స్థావరాలు ఎలాగూ ‘నిషిద్ధ ప్రదేశాలే’, కేంద్రం నోటిఫై చేస్తే రైలు మార్గాన్ని కూడా ఆ జాబితాలో చేర్చవచ్చు. కలైకుండ గోడ పక్క సెల్ఫీ సరదా కాదు. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ సేబర్ విమానాలు ఆ స్థావరం మీద దాడి చేసి నేల మీద నిలిపి ఉన్న మన విమానాలను తగలబెట్టాయి. ఏ విమానం ఎక్కడ ఆగి ఉందన్న చిన్న సంగతికి ఎంత ధర ఉంటుందో ఈ ప్రాంతం ఒకసారి చూసింది.

అలాగని ముద్ర పడిన ప్రతి కాగితాన్నీ కోర్టులు కళ్లకద్దుకోవు. సమాచార హక్కు చట్టం 8(2) ప్రకారం దాచడం కన్నా చెప్పడంలోనే ప్రజాప్రయోజనం ఎక్కువైతే రహస్యాల చట్టం కూడా అడ్డు కాదు. రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు వ్యవహారంలో ‘ది హిందూ’ ప్రచురించిన పత్రాలు దొంగిలించినవి, చూడొద్దని ప్రభుత్వం అంటే, 2019 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. చివరికి ఆ కొనుగోలు మీది రివ్యూ పిటిషన్లు నవంబరులో వీగిపోయాయి, అది వేరే విషయం.

అపోహ: కోర్టు మార్షల్ చెప్పిందే ఆఖరి మాట.

నేతాజీ పేరు మోసే సుభాష్‌పల్లిలో ఈ అపోహ ఉండటం వింతే. 1945-46లో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌లకు సైనిక న్యాయస్థానం యావజ్జీవ ద్వీపాంతరవాసం వేసింది. దేశమంతా భగ్గుమంది. 1946 జనవరి 3న సేనాధిపతి ఆకిన్‌లెక్ ఆ ద్వీపాంతరం రద్దు చేశాడు, ఉద్యోగాల తొలగింపు మాత్రం ఉంచాడు. ఈనాటికీ జనరల్ కోర్టు మార్షల్ తీర్పు పై అధికారి ధ్రువీకరిస్తేనే చెల్లుతుంది. తరవాత అప్పీలుకు 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది.

మానింగ్ విషయంలో పొరపాటు ఇంకో రకం. ఒబామా ‘క్షమించాడు’ అంటారు. కాదు. 2017 జనవరిలో శిక్ష కాలాన్ని తగ్గించాడు. మేలో విడుదల. దోషి అన్న తీర్పు అలాగే ఉంది.

ఇంతకీ, పై అధికారుల అవినీతి కంటబడ్డ సిపాయికి విభీషణుడిలా సముద్రం దాటడం తప్ప దారే లేదా? కాగితం మీద ఉంది. 2014 మేలో రాష్ట్రపతి ఆమోదం పొందిన ప్రజావేగుల రక్షణ చట్టం, అధికార రహస్యాల చట్టం ఏమన్నా సరే, ప్రభుత్వ ఉద్యోగి తగిన అధికారికి అవినీతి గురించి ఫిర్యాదు చేయవచ్చని చెప్పింది. మరుసటి ఏడే ఆ వెసులుబాటును కత్తిరించే సవరణ బిల్లు లోక్‌సభ గడప దాటింది. అసలు చట్టం అమలు తేదీ మాత్రం ఇంతవరకు ప్రకటించలేదు.