దారి ఒక్కటే, నడిపించేది కథ

హైదరాబాద్ నుంచి వచ్చే బస్సు నందిగామ, కంచికచర్ల దాటాక పరిటాల ఆంజనేయుడు దూరం నుంచే కనిపిస్తాడు. 2003లో నిలబెట్టిన 135 అడుగుల విగ్రహం. ఊరు రాకముందే చూపు అటు లాగేస్తుంది. వీడియోగేములు తయారుచేసేవాళ్లు ఇదే పని కావాలని చేస్తారు. 2012లో వచ్చిన ‘జర్నీ’లో ఆట మొదలైన కాసేపటికే ఇసుకదిబ్బల అవతల ఒక కొండ, దాని శిఖరాన వెలుగు కనిపిస్తాయి. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు. ఆడేవాళ్లు అటే నడుస్తారు.

ఇలాంటి ఆటల్లో దారి ఒక్కటే. నచ్చినవైపు తిరగడానికి లేదు, ఘట్టాల వరస మారదు. ఎవరో గీసిన గీత మీద నడవడంలో ఆటేముంది అని అడిగేవాళ్లకు నేను సుందరకాండ చూపిస్తాను.

సముద్రం మీద హనుమంతుడికి పక్కదారుల్లేవు. మైనాకుడనే కొండ పైకి లేచి కాసేపు ఆగమంటే, చేత్తో తాకి సాగిపోతాడు. తర్వాత సురస నోరు తెరుస్తుంది. అతను పెరిగినకొద్దీ ఆ నోరూ పెరుగుతుంది. అది నూరు యోజనాలయ్యాక బొటనవేలంతై లోపలికి దూరి బయటికొచ్చేస్తాడు. అది దేవతలు పెట్టిన పరీక్షే. సింహిక అలా కాదు, నీడ పట్టి నిజంగానే మింగబోతుంది. అక్కడా పనికొచ్చింది అదే విద్య: పెరగడం, చటుక్కున తగ్గడం. లంకలోకి చొరబడటానికి అదే, సీతమ్మకు నమ్మకం కలిగించడానికి అదే, తోకకు నిప్పంటించాక కట్లు జార్చుకోవడానికీ అదే. ముందు పరీక్షలో నేర్పి, తర్వాత ప్రాణాపాయంలో వాడించి, ఆపైన అనుకోని చోట అక్కరకు తేవడం ఇవాళ్టి గేమ్ డిజైనర్లు పాటించే పద్ధతి. ఆ అక్కర పుట్టించేది మాత్రం కథ. రాముడి ఉంగరం చేరాల్సిన చోటు ఒకటుంది కాబట్టే, మైనాకుడి దగ్గర ఆగకపోతే మనకూ సబబనిపిస్తుంది.

కథ చేతివేళ్లకు ఎలా అందుతుందో 2013లో జోసెఫ్ ఫారెస్ దర్శకత్వంలో వచ్చిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ చూపించింది. కంట్రోలర్‌లో ఎడమవైపు అన్నది, కుడివైపు తమ్ముడిది. తల్లి నీళ్లలో మునిగి చనిపోయింది, అందుకే తమ్ముడికి నీళ్లంటే భయం. ఏరు వస్తే అన్న వీపు పట్టుకుంటాడు. చివరికి అన్న చనిపోతాడు. ఇంటిదారిలో మళ్లీ నీళ్లు అడ్డొస్తాయి. తమ్ముడి బటన్ నొక్కితే వాడు కదలడు. అన్న వైపు బటన్ నొక్కినప్పుడే నీళ్లలోకి దిగుతాడు. ఒక్క మాట లేదు, చూడమని ఆట ఆపి వేసిన దృశ్యమూ కాదు. ఆ బటన్ వెతుక్కున్నది ఆడేవాళ్ల వేలే.

అదే ఏడాది వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’లో జోయెల్ అనే అతను ఎల్లీ అనే అమ్మాయిని చేతుల మీద పైకెత్తితే ఆమె నిచ్చెన దించుతుంది. ఆట పొడవునా ఇదో అలవాటు. ఆఖరి భాగంలో జోయెల్ గోడ దగ్గర వంగి నిలబడితే ఎల్లీ రాదు, దూరంగా ఏదో ఆలోచిస్తూ కూర్చుంటుంది. ఆ అమ్మాయి లోపల ఏం విరిగిందో ఆ ఆలస్యమే చెబుతుంది.

పుణె నాడింగ్ హెడ్స్ సంస్థ 2020లో తెచ్చిన ‘రాజీ’లో కథను తోలుబొమ్మలాట తీరులో నీడబొమ్మలతో చెప్పారు. చూడముచ్చటగా ఉంది. కానీ తమ్ముణ్ని వెతికే అక్క ఆరాటం త్రిశూలం తిప్పే పోరాటాల్లోకి అంతగా దిగలేదనిపించింది. కథ ఒకచోట, ఆట ఒకచోట ఉండిపోయాయి.

మన దగ్గర కథలకు కొరతా? పరిటాల వజ్రాల గనుల నేల. 410 కారట్ల పిట్ వజ్రం కొల్లూరులో దొరికిందని కొందరు, పరిటాలలోనని కొందరు అంటారు. గని బానిస ఒకడు కాలికి గాయం చేసుకుని, కట్టులో రాయి దాచి సముద్రం దాకా వెళ్లాడనీ, ఓడ కెప్టెన్ దాన్ని కాజేసి అతణ్ని చంపేశాడనీ జనం చెప్పుకునే కథ.

ఈ కథలోనే ఆట నియమాలున్నాయి. గాయం ఉంది కాబట్టి పరుగెత్తే బటన్ పనిచేయకూడదు. కుంటితే కాపలావాడికి అనుమానం, కుంటకపోతే కట్టు తడిసి నెత్తురు. మెట్ట పొలాల్లో దాక్కుంటూ, కృష్ణ ఒడ్డు పట్టుకుని, తీరం దాకా ఒకటే దారి. మొదటి ఘట్టంలో పచ్చిగాయంతో పది అడుగులు వేయడం నేర్పాలి. ఓడ కనిపించేసరికి ఆడేవాళ్లకు ఆ నడక అలవాటైపోవాలి. ఆ వజ్రాన్ని థామస్ పిట్ కొనడం, 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మడం, ఇప్పుడది పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉండటం ఆట ముగిశాక తెర మీద రెండు వాక్యాల్లో వేస్తే చాలు.