వలెన్సియా నీటి ధర్మాసనము

స్పెయిన్ దేశమనగానే మనవారికి ఎద్దుల పోరాటము, గిటారు వాద్యము, ఫ్లమెంకో నృత్యము, కొలంబసు ఓడలు జ్ఞప్తికి వచ్చును. పాఠ్యపుస్తకములు పరిచయము చేయు స్పెయిన్ కూడ ఇంచుమించు ఇంతియే. కాని ఒక జాతి స్వభావమును దాని ఉత్సవములలోకంటె దాని పొలములలో చూచుట మేలు. నీరు చాలని నేలపై నలుగురు రైతులు ఒక కాలువను ఏ విధముగ పంచుకొందురో తెలిసికొన్నచో ఆ జాతి న్యాయబుద్ధియు, ఓర్పును, తగవు తీర్చుకొను తీరును తేటపడును. స్పెయిన్ తూర్పుతీరమున నున్న వలెన్సియా నగరమునందు ఇట్టి ఆచారము ఒకటి శతాబ్దములుగా నిలిచియున్నది. కాలువ కొసన బ్రతుకు మన నడిగడ్డవారు దానిని ప్రత్యేకముగా తెలిసికొనదగును.

రెండు నదుల నడుమ దప్పిక

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల, అలంపురము ప్రాంతమునకు నడిగడ్డ అని పేరు. ఇరుప్రక్కల మహానదులు పారుచున్నను ఈ నేల చిరకాలము వాననే నమ్ముకొని బ్రతికినది. ఆ వానయు స్వల్పమే. ఈ కొరత తీర్చుటకై హైదరాబాదు రాష్ట్రము తుంగభద్రపై రాజోలిబండ యొద్ద ఆనకట్ట కట్టి, ఎడమగట్టు నుండి కాలువ త్రవ్వుటకు పూనుకొన్నది. ఆనాడు రాజోలిబండయు, గద్వాల అలంపురము తాలూకాలును ఒక్క రాయచూరు జిల్లాలోనివే. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు కాలువ తల మైసూరు రాష్ట్రమునకును, కొస ఆంధ్రప్రదేశమునకును పోయినవి. ఒకే ఇంటి కాలువ రెండిండ్ల కాలువ అయినది.

ఈ కాలువ పొడవు 143 కిలోమీటర్లు. అందు మొదటి 42 కిలోమీటర్లు నేటి కర్ణాటకలోను, తక్కినది తెలంగాణములోను ఉన్నవి. బచావత్ ట్రిబ్యునలు ఈ కాలువకు 17.1 టి.ఎం.సి.ల నీరు నిర్ణయించి, అందు 15.9 టి.ఎం.సి.లు కొసనున్న 87,500 ఎకరములకు చెందవలెనని పంచినది. వడ్డేపల్లి ఈ ఆయకట్టులోని ఊరు. కాగితముపై నున్న అంకెకును కాలువలో పారు నీటికిని నడుమ నున్న దూరము ఇచ్చటి రైతునకు తెలిసినంతగా మరియెవరికిని తెలియదు. తల యొద్ద పూడిక, దారిలో గండ్లు, పైవారు వంతుకు మించి వాడుకొనుచున్నారను ఫిర్యాదులు ఏండ్ల తరబడి సాగినవి. ఆ లోటు పూడ్చుటకే 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకము ప్రారంభమైనది.

కాలువలోనికి ఎంత నీరు వచ్చెననునది ఇంజనీరు లెక్క. వచ్చిన నీటిని ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎంతసేపు పెట్టుకొనవలెననునది ఇరుగుపొరుగువారి లెక్క. ఈ రెండవ లెక్కనే వలెన్సియా రైతులు తరతరములుగా నడివీథిలో, అందరి యెదుట తేల్చుకొనుచున్నారు.

గురువారము మధ్యాహ్నము

వలెన్సియా నగరము తూరియా నది తీరమున ఉన్నది. అచ్చటను వాన తక్కువ. నది నుండి చీలిన కాలువల వలననే చుట్టునున్న తోటలును, కూరగాయల మళ్లును పచ్చగా నున్నవి. ఆ కాలువలలో ఎనిమిదింటి రైతులు కలిసి నడుపుకొను న్యాయస్థానమే నీటి ధర్మాసనము.

ప్రతి గురువారము నగరమందలి ప్రధాన దేవాలయమున అపోస్తలుల ద్వారమను వాకిలి ముందర గుండ్రని లోహపు కటకటాలు నిలిపి, లోపల ఎనిమిది పాతకాలపు కుర్చీలు వేయుదురు. గంటస్తంభముపై పండ్రెండు కొట్టుసరికి ఎనమండుగురు కాలువ పెద్దలు నల్లని వదులు చొక్కాలు ధరించి వచ్చి ఆసీనులగుదురు. వీరిలో ఎవరును వకీళ్లు కారు. ఒక్కొక్కరిని ఆయా కాలువ రైతులే తమలోనుండి ఎన్నుకొందురు. తన భూమిని తాను సాగుచేయువాడే ఈ పదవికి అర్హుడు.

చేత ఇత్తడి కొక్కెపు కఱ్ఱ పట్టిన బంట్రోతు అధ్యక్షుని అనుమతి వేడి, వలెన్సియా భాషలో ఒక్కొక్క కాలువ పేరు చెప్పి, దానిపై అభియోగము పొందినవారెవరైన ఉన్నారా యని బిగ్గరగా పిలుచును. ఉన్నచో వారు కటకటాల లోనికి వత్తురు. వంతు కాని వేళ నీరు పెట్టుకొనుట, ఎద్దడినాడు నీరు దొంగిలించుట, గట్టు తెగగొట్టుట, తన పంటకాలువలోని పూడిక తీయకుండుట, మిగులు నీటిని పొరుగువాని మడిలోనికి విడుచుట — ఇవి సాధారణముగ వచ్చు నేరములు. ఫిర్యాదు చేసినవాడు ముందు చెప్పును. ఆరోపణ పొందినవాడు పిమ్మట తన మాట చెప్పుకొనును. ఎవరు మాటలాడవలెనో అధ్యక్షుడు తన పాదముతో సూచించును. మన దేశమున కాలితో చూపుట అమర్యాద. అచ్చట అది పెద్దల నాటి పద్ధతి గనుక ఎవరును తప్పుగా తలపరు.

వాదమంతయు నోటిమాటగానే జరుగును. వకీలు లేడు, అర్జీల కట్టలు లేవు, వాయిదాలపై వాయిదాలు లేవు. అవసరమైనచో పొలమునకే పోయి చూచి వత్తురు. నిందితుడు ఏ కాలువవాడో ఆ కాలువ పెద్ద తీర్పులో పాల్గొనడు. నిందితుడు నదికి కుడిగట్టువాడైనచో ఎడమగట్టు పెద్దలును, ఎడమగట్టువాడైనచో కుడిగట్టు పెద్దలును తీర్పు ప్రతిపాదింతురు. ఈ చిన్న నియమమున ఎంత లోకజ్ఞత ఇమిడియున్నదో గమనింపదగును. తీర్పు వెంటనే చెప్పుదురు. దానిపై అప్పీలు లేదు.

రాజులు మారిరి, వాడుక మారలేదు

ఈ సభ 960వ సంవత్సరము ప్రాంతమున, అరబ్బుల యేలుబడిలో ఏర్పడినదని వలెన్సియావారి నమ్మకము. ఆ లెక్క ప్రకారమే 1960లో వేయేండ్ల పండుగ జరుపుకొనిరి. సంవత్సరము మాట యెట్లున్నను కాలువల వెనుక అరబ్బుల విద్య గలదనుటకు స్పానిష్ భాషయే సాక్షి. కాలువకు వారు వాడు అసెకియా యను మాటయు, ఆనకట్టకు వాడు అసూద్ అను మాటయు అరబ్బీ నుండి వచ్చినవే. 1238లో ఆరగాన్ రాజైన మొదటి జైమే వలెన్సియాను జయించెను. మసీదు ఉన్నచోట క్రైస్తవ దేవాలయము లేచినది. మతము మారినది, ప్రభువు మారెను, భూములు చేతులు మారినవి. కాని కాలువల విషయమున మాత్రము పూర్వపు ముస్లిముల వాడుకనే అనుసరింపవలెనని ఆ రాజు శాసించెను. జయించినవాడు ఓడినవాని ఏర్పాటును మన్నించిన అరుదైన ఘట్టములలో ఇది యొకటి.

ఆ ఏర్పాటులోని కీలకము నీటిని కొలుచు పద్ధతి. అచ్చట నీటి హక్కును ఫిలా యందురు. అది ఇన్ని ఘనపుటడుగులని బిగించిన పరిమాణము కాదు. నదిలో ఉన్న నీటిలో ఒక పాలు. నది నిండుగా పారిననాడు అందరి పాలును పెరుగును. సన్నగిల్లిననాడు అందరి పాలును తగ్గును. కరవు వచ్చినప్పుడు తలవాడు నిండుగా త్రాగి కొసవాడు ఎండిపోవుటకు ఈ లెక్కలో చోటు లేదు. లాభము పంచుకొనుట ఎల్లరకు తెలిసినదే. కొరతను గూడ పంచుకొనుట ఈ ఆచారపు గొప్ప.

1978 నాటి స్పెయిన్ రాజ్యాంగము ఇట్టి సంప్రదాయ న్యాయస్థానములను గుర్తించినది. 2009లో యునెస్కో సంస్థ ఈ ధర్మాసనమును, దీనితోపాటు ముర్సియా నగరపు సభను మానవజాతి సంస్కృతీ వారసత్వములో చేర్చినది. ఆ సంవత్సరమే అమెరికా విదుషి ఎలినార్ ఆస్ట్రోమ్ అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందెను. ఉమ్మడి సొత్తును సర్కారో, ఆసామియో కాక, వాడుకొనువారే నియమములు కల్పించుకొని కాపాడుకొనగలరని ఆమె 1990లో తన గ్రంథమున చూపిన నిదర్శనములలో వలెన్సియా కాలువలును ఉన్నవి.

ఆచారమునకు గల హద్దులు

అయినను ఈ సభను దోషరహితమని పొగడరాదు. వలెన్సియా వాడే యైన నవలాకారుడు బ్లాస్కో ఇబానెథ్ 1898లో వెలువరించిన లా బర్రాకా నవలలో బతీస్తె అను పేదరైతు పొరుగూరి నుండి వచ్చి అచ్చట సాగునకు దిగును. ఊరివారికి అతడనిన గిట్టదు. వంతు వేళ తప్పుగా చెప్పి మోసగించినవాడే అతనిపై ఫిర్యాదు చేయగా, ఇదే ద్వారము ముందర అతనికి జుల్మానా పడును. నలుగురును ఏకమై అబద్ధమాడిన నోటిమాటల న్యాయము ఏమగునో ఆ ఘట్టము చూపును. వ్రాతకోతలు లేని సభకు సాక్షుల సత్యమే పునాది.

రెండవ హద్దు నదియందే గలదు. ఎనిమిది కాలువల ఎగువనున్న ఊళ్లు ఈ ధర్మాసనమునకు లోబడినవి కావు. ఎద్దడినాడు ఎగువవారు నీరు నిలిపినచో ఈ పెద్దలు చేయగలిగినది లేదు. అందుచేతనే 1321లో రాజు కల్పించుకొని, కరవుకాలమున ఎగువ ఊళ్లు నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు తూములు మూసి దిగువకు నీరు విడువవలెనని కట్టడి చేయవలసివచ్చెను. రాజోలిబండ కాలువ కథ తెలిసినవారికి ఈ ముచ్చట క్రొత్తగా తోచదు. ఒక్క కాలువలోని తగవు ఇరుగుపొరుగువారు తీర్చుకొందురు. ఒకరి ఏలుబడి దాటిన తగవునకు పై ప్రభుత్వమును, ట్రిబ్యునలును కావలెను. ఒకదాని పని రెండవది చేయజాలదు.

నీరటి లేని కాలువ

తెలుగునాటను ఈ తెలివి లేకపోలేదు. తెలంగాణపు చెరువుల క్రింద నీరటియు, రాయలసీమలో నీరుగంటియు తూము తెరచి, మూసి, మడి మడికి వంతు చూచి నీరు పెట్టిరి. చెరువు సగమే నిండిననాడు ఎంత భూమికి నీరీయవలెనో ఊరిపెద్దలు కూర్చుండి తేల్చిరి. అయితే ఆ సభలలో కులము పలుకుబడియు, భూమి పలుకుబడియు మెండు. వంతు చూచు నీరటికి వంతు నిర్ణయించు హక్కు లేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతులే సాగునీటి నిర్వహణ చేసికొనుటకు శాసనము చేసి, నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిపినది. సభ్యుల నడుమ తగవులు తీర్చు అధికారమును గూడ ఆ సంఘములకిచ్చినది. కావున చట్టమున లోటు లేదు. చట్టము ఒక్కనాట వచ్చును. ఆచారము అట్లు రాదు. పెద్దలు విడువక కూర్చుండినప్పుడే అది ఏర్పడును.

నేడు వలెన్సియాలో పట్టణము పెరిగి తోటభూములు తగ్గినవి. తగవులును తగ్గినవి. అనేక గురువారములు ఒక్క ఫిర్యాదైనను రాదు. అయినను పండ్రెండు గంటలకు పెద్దలు వచ్చి కూర్చుందురు. బంట్రోతు ఎనిమిది కాలువల పేర్లును వరుసగా పిలుచును. ఎవరును పలుకనిచో కొద్ది నిమిషములలో సభ ముగియును. చూడవచ్చిన పరదేశులకు అది వేడుకగా తోచవచ్చును. కాని పిలుపు ఆగనందుననే, తగవు వచ్చిననాడు ఎచ్చటికి పోవలెనో అచ్చటి రైతునకు తెలిసియున్నది.

వడ్డేపల్లి బడిలో స్పెయిన్ పాఠము చెప్పు ఉపాధ్యాయుడు పటముపై మాడ్రిడ్ నగరమును చూపి ఊరకుండనక్కరలేదు. తూరియా నదిని చూపి, పిమ్మట తుంగభద్రను చూపవచ్చును. మీ పొలమునకు నీరు ఏ తూము నుండి వచ్చును, మీకు ముందు ఎవరి వంతు, మీ వెనుక ఎవరున్నారు అని విద్యార్థులను అడుగవచ్చును. తన వెనుక నున్నవాని పేరు తెలిసిన పిల్లవాడు పెద్దవాడై తూము తెరచునప్పుడు ఆ పేరు తలచుకొనును. వలెన్సియా ధర్మాసనము వేయేండ్లుగా బోధించుచున్నది ఈ పాఠమునే.