బర్మా బజారు చెప్పిన ఓడల కథ

జార్జి టౌన్‌లో మా పిల్లలకు బర్మా బజారు తెలియనిది కాదు. ‘ఆ పేరెందుకు టీచర్?’ అని అడిగారు. 1960ల్లో బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు పొట్టపోసుకోవడానికి పెట్టుకున్న అంగళ్లవి అని చెప్పాం. అంతకు చాలా ముందే వేలమంది తెలుగువారు ఓడెక్కి రంగూన్ వెళ్లారు.

అక్కడి ఐరావతి నదిలో తిరిగిన స్టీమర్లు చాలా మటుకు స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో తయారైనవే. 1844లో డెన్నీ అన్నదమ్ములు అక్కడ ఓడల కార్ఖానా పెట్టారు. నది స్టీమర్లను భాగాలుగా రంగూన్‌కు పంపి, అక్కడ బిగించేవారు. 1883లో ఆ కుటుంబం ఒక పొడవాటి నీటి తొట్టె కట్టించింది. మైనంతో చేసిన చిన్న ఓడను అందులో లాగి, నీరు ఎంత అడ్డుతుందో కొలిచేవారు. అసలు ఓడ ఆ తర్వాతే. 1963లో కార్ఖానా మూతపడింది. తొట్టె మాత్రం నేటికీ మ్యూజియంగా ఉంది.

‘మనవాళ్లు కూలీలుగానే వెళ్లారా?’ అని ఒక అమ్మాయి అడిగింది. చాలామంది అలాగే వెళ్లారు. కానీ గోదావరి ముఖద్వారం దగ్గర కోరంగిలో మన వడ్రంగులు తెరచాప ఓడలు కట్టేవారు. 1839 తుపాను ఆ రేవును ఊడ్చేసింది. రంగూన్‌లో తెలుగువారిని ‘కోరంగీలు’ అనేవారు. ఓడలు కట్టిన ఊరి పేరు కూలీల పేరైపోయింది.

పిల్లలూ! చుక్కాని, లంగరు, తెరచాప వంటి మాటలు మీ తాతయ్యలకు, అమ్మమ్మలకు ఇంకెన్ని తెలుసో అడగండి. తెలుగులో రాసి తెండి. తరగతి గోడకు అంటిద్దాం.